గాజుల దుకాణంలో రాని అనుమానం

హైదరాబాద్ లాడ్ బజార్‌లో ఏ సాయంత్రమైనా చూడండి. గాజుల దుకాణంలో ఆడమనిషి చేయి చాపుతుంది. దుకాణదారు ఆ చేయి పట్టుకుని, వేళ్ల కణుపులు దగ్గరికి నొక్కి, లక్కగాజును మణికట్టు దాకా మెల్లగా ఎక్కిస్తాడు. పక్కనే అత్తగారు ఉంటుంది, భర్తా ఉంటాడు. ఎవరికీ ఏమీ అనిపించదు. అదే మనిషి పక్క వీధి ఇరానీ హోటల్లో తనతో పనిచేసే అబ్బాయితో చాయ్ తాగిందంటే, ఆమె ఇల్లు చేరేలోపే కథ చేరుతుంది. ఇక్కడ చేయి పట్టుకున్నారు, అక్కడ మధ్యన బల్ల ఉంది. మరి అనుమానం అటెందుకు పోయింది?

"నిప్పూ పత్తీ ఒకచోట ఉండవు" అంటారు పెద్దలు. స్నేహితులిద్దరూ ప్రేమలో పడితే "చెప్పామా!" అంటారు. పడకపోతే "దాస్తున్నారు" అంటారు. దాచేదేమీ లేదని తేలితే "ఇంకా టైం రాలేదు" అంటారు. ఏం జరిగినా నెగ్గే ఈ వాదం జాతకాలు చెప్పేవాడికి పనికొస్తుంది గానీ, రుజువు కోరేవాడికి కాదు. కొన్ని స్నేహాలు ప్రేమగా మారతాయి, నిజమే. మారనివాటిని మనం లెక్కలోకే తీసుకోం.

ఈ ఊరి పుట్టుక కథే చూడండి. మూసీ మీద పురానాపూల్‌ను 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. ప్రియురాలు భాగమతి కోసం వరదలో నది దాటే కొడుకు ఏమైపోతాడోనన్న బెంగతో కట్టించాడట! ఆ కొడుకు మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే అప్పటికి పదమూడేళ్ల పిల్లాడు. అసలు భాగమతి అనే మనిషి ఉందా అని షేర్వానీ లాంటి చరిత్రకారులే ప్రశ్నించారు. గోల్కొండ నుంచి అవతలి ఒడ్డుకు జనం, సరుకు దాటాలంటే వంతెన కావాలన్న మామూలు కారణం మాత్రం ఎవరికీ రుచించదు.

నిజాం దర్బారులో మహ్ లఖా బాయి చందా (1768-1824) ఉర్దూ ఘజళ్లు రాసింది, ఉమరావులతో సమానంగా కూర్చుంది. తన కవితల రాతప్రతిని 1799లో మాల్కం అనే బ్రిటిష్ అధికారికి బహూకరించింది. ఈనాటికీ ఆమె పేరెత్తితే ఘజల్ సంగతి తర్వాత, ముందు "ఎవరి మనిషి?" అనే అడుగుతారు.

ఈ అనుమానం కబుర్లతో ఆగితే సరే. 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గర కండ్లకోయ పార్కులో బజరంగ్ దళ్ కార్యకర్తలు ఒక జంటకు బలవంతంగా పెళ్లి చేశారు. పోలీసులు కేసు పెట్టారు. ఆ కార్యకర్తల లెక్కలో ఆడా మగా మధ్య ఉండేవి రెండే: తాళి, రాఖీ. పాతబస్తీలో బురఖా వేసుకున్న అమ్మాయి ఎవరి బండి మీద కూర్చుందో చూసి, ఆపి, పేరడిగి, వీడియో తీసే కుర్రాళ్ల మతం వేరు, లెక్క అదే.

18 నిండిన ఇద్దరు ఎవరితో కూర్చుని చాయ్ తాగాలో వాళ్లిష్టం. అలాంటి వీడియో మీ ఫోన్‌కి వస్తే ఇంకొకరికి పంపకండి. మీ కళ్లముందే ఎవరినైనా ఆపి నిలదీస్తుంటే 112కి ఫోన్ చేయండి.