ఇంటి వాడుక - కంపెనీ పద్దు

ఈ మాసము ఇంటికిని వ్యాపారమునకును నడుమ నున్న గడపను గూర్చి ముచ్చటింపఁదలఁచితిమి.

మా పోలవరమున మా పొరుగింటి సోదరి భర్త యొక చిన్న ప్రైవేటు లిమిటెడు కంపెనీ పెట్టెను. ప్రాజెక్టు పనివారికి భోజనములును మంచినీటి డబ్బాలును సరఫరా చేయుట వారి వ్యాపారము. అట్టి కంపెనీకి ఇద్దఱు డైరెక్టర్లయిన నుండవలె నని చట్టము. కావున ఆమెను రెండవ డైరెక్టరుగాఁ జేర్చిరి.

మొన్న సంవత్సరాంతపు లెక్కలు తెచ్చి భర్త సంతకము పెట్టు మనెను. ఆమె యా కాగితములతో మా యింటికి వచ్చి, "అక్కయ్యగారూ! మా వంటింటి ఫ్రిజ్జి యిందులో నున్నదండీ. పిల్లలు చదువుకొను కంప్యూటరు నున్నది. శివరాత్రికి మేమందఱము పట్టిసము రేవునకుఁ బోయిన వ్యాను డీజిలును ఉన్నది. నేను సంతకము పెట్టవచ్చునా?" యని యడిగెను. అడుగునప్పుడు ఆమె చేయి వణఁకుచుండెను.

మా వారు బడిపంతులు. బడి సుద్దముక్కతో ఇంట ముగ్గు పెట్టరాదని వారి పట్టు. కౌటిల్యుఁడును అర్థశాస్త్రమున రాజకోశము క్షయించుటకు ఎనిమిది కారణములు చెప్పి, వానిలో ఉపభోగము నొకటిగా నుంచెను. రాజద్రవ్యమును అధికారి తా ననుభవించుటయుఁ, బరుల చేత ననుభవింపఁజేయుటయు ఉపభోగము. ఐనను వస్తువు రెండు పనులకును వచ్చినంతనే దోష మని భయపడ నక్కఱలేదు. వాడుకను విభజించి నిజము వ్రాసినచో దోషము లేదు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టము రెండు మాటలు చెప్పెను. సొంత ఖర్చు వ్యాపార వ్యయము గాదు. యంత్రమో సామానో కొంత ఇంటికిఁ గొంత వ్యాపారమునకు వాడినచో, న్యాయమైన భాగము మాత్రమే తగ్గింపునకు వచ్చును. 2025లో చేయఁబడి 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించు నూతన చట్టమునందును మూలసూత్ర మదియే.

లెక్కలో చూడుఁడు. ఒక సోదరి తన పేరనే కుట్టుపని వ్యాపారము చేయుచు 60,000 రూపాయల కంప్యూటరు కొనె ననుకొందము. పాత నియమముల ప్రకారము కంప్యూటరు తరుగుదల నూటికి 40. అనఁగా మొదటి యేఁట 24,000. మూఁడవ వంతు పిల్లల చదువునకుఁ బోయినచో, లెక్కకు వచ్చునది 16,000 మాత్రమే. రాబడిలో నూటికి ఇంత లాభ మని చూపు సులభపద్ధతిని ఎన్నుకొన్నవారికి ఈ తగ్గింపు వేఱుగా లేదు.

కంపెనీ మాట వేఱు. చట్టము దృష్టిలో కంపెనీ మనవలెనే యొక వ్యక్తి. దానికి ఇల్లు లేదు, పిల్లలు లేరు. కావున సొంత వాడుకయు లేదు. గుజరాతు హైకోర్టు 2001లో సయాజీ ఐరన్ కంపెనీ వ్యాజ్యమున ఈ మాటయే చెప్పెను. అట్లని వాడుకొన్నవారికి ఊరక పోదు. కంపెనీ నుండి జీతము గొను డైరెక్టరు ఇంట కంపెనీ సామా నుండినచో, ఆ సౌకర్యము వారి యాదాయమునఁ జేరును. 1962 నాటి నియమములందు దాని విలువ యేఁటికి ఖరీదులో నూటికి 10. 40,000 రూపాయల సామానునకు 4,000. కంప్యూటరునకు ఈ లెక్క లేదు.

దొంగపద్దు వ్రాసి ఆదాయము దాఁచినచో, 1961 చట్టము క్రిందఁ దప్పిన పన్నుకు రెండింతలు జరిమానా. "నాకుఁ దెలియదు, సంతకము మాత్రమే నాది" యను మాట అప్పుడు రక్షింపదు.

కావున సోదరీమణులారా, ఇట్లు చేయుఁడు. బండిలో నొక చిన్న పుస్తక ముంచి తేదీ, పోయిన చోటు, పని, కిలోమీటర్లు వ్రాయుఁడు. బిల్లు ఎవరి పేర నున్నదో చూడుఁడు. యంత్రము కొనునపుడు ఒక దినమున ఒకరికి 10,000 రూపాయలకు మించి రొక్క మీయక బ్యాంకు ద్వారా చెల్లింపుఁడు. ఈ యేఁటి రేట్లు ఆడిటరు నడిగి తెలిసికొనుఁడు.

మా పొరుగింటి సోదరి యిట్లే చేసెను. భర్త మొదట, "ఇంటిదానవు, నీ కెందుకు?" అని విసుగుకొనెను. రాజమహేంద్రవరపు ఆడిటరు ఆమె ప్రశ్నలే తిరిగి యడుగఁగా మౌనము వహించెను. ఫ్రిజ్జి ఇంటిది మాత్రమే గనుక దాని వెల కంపెనీకిఁ దిరిగి చెల్లించిరి. శివరాత్రి డీజిలు ఇంటి ఖర్చునఁ బడెను. కంప్యూటరు, వ్యాను కంపెనీ పద్దుననే నిలిచినవి.

భారతమున ద్రౌపది సత్యభామతో, పాండవుల ఆయవ్యయములు తానొక్కతెయే యెఱుఁగుదు నని గర్వముగాఁ జెప్పుకొనెను. ఆ గర్వము మనకును దగును. ఆ సోదరి చివరకు సంతకము పెట్టెను. ఈ పర్యాయము ప్రతి పుటయుఁ జదివి పెట్టెను. చేయి వణఁకలేదు.