చౌడుకు మందు సజ్జలోనా?

ఉప్పును తట్టుకునే పైరు మాట అబద్ధం కాదు. మొక్క కణంలో ఉప్పును ఒక తిత్తిలోకి తోసి బంధించే ప్రొటీన్ ఉంటుంది. దాని జన్యువును ఢిల్లీ శాస్త్రజ్ఞులు సజ్జ నుంచి తీసి ఆవ మొక్కలో పెట్టారు. ఆవ ఉప్పుకు తట్టుకుందని 2007లో ప్రకటించారు. మంచిదే, మేం కాదనం.

కాని ఆ సజ్జను తరతరాలుగా కాపాడిందెవరు? కోడుమూరు, ఆదోని మెట్టల్లాంటి చోట్ల కంకులేరి విత్తనం దాచిన రైతులూ, కూలోళ్లూ. రేపు ఆ కొత్త విత్తనం ఏ కంపెనీ ప్యాకెట్లో, ఏ ధరకొస్తుంది? పత్తి సంగతి చూశాం గదా! 1600 రూపాయలకు పైగా గుంజిన బీటీ ప్యాకెట్, 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తవ్యాపార కమిషన్‌కెక్కాకే 750కి దిగింది.

ఇంకొకటి. ఈ జన్యువు ఉప్పును మొక్కలో దాస్తుందేగాని నేలలోంచి తీసెయ్యదు. తుంగభద్ర దిగువ కాలువ కింద నీళ్లూరి చౌడెక్కే చేనికి మొదట కావాల్సింది మురుగు కాలువ. దానికి పేటెంటు లేదు గనుక ఏ కంపెనీ తవ్వదు. ప్రభుత్వం చేతనే తవ్వించాలి.