మన్యపు జ్వరము - మూలికల పరీక్ష

వానలు పడగానే విజయనగర, శ్రీకాకుళ సీమల మన్యమున, సాలూరు మొదలు సీతంపేట వఱకు, చలిజ్వరము తలయెత్తుట తరతరములుగ మన మెఱిగినదే. కొండనీరు త్రాగుటవలన నీ జ్వరము వచ్చునని మైదానపు రైతు లనేకులు నమ్ముచుండిరి. ఆ క్రిమి దోమ కడుపులో పెరుగుటను రోనాల్డు రాసు సికిందరాబాదునందే 1897 ఆగస్టు 20వ తేదీని కనుగొనెను. కారణము తేలినది గాని, మందు విషయమున మన వాదము లింకను తేలలేదు. ఆకుపసరే చాలునని కొందఱును, ఆకుపసరనుటయే మౌఢ్యమని కొందఱును వాదించుచున్నారు. ఈ రెండు వాదములును సరికావని మా యభిప్రాయము.

మూలికలను తృణీకరించువారికి చీనాదేశమే సమాధానము. నాల్గవ శతాబ్దమునాటి గో హుంగు వైద్యగ్రంథమున, చింగ్‌హావ్ అను మూలికను నీట నానవైచి, పిండి, ఆ రసమును త్రాగవలెనని యున్నది. కాచుటవలన దాని గుణము నశించుచున్నదేమో యని ఆ మాటలను బట్టి టూ యూయూ అను విదుషీమణి శంకించి, 1971లో ఈథరుతో తక్కువ వేడిమిని సారమును దీసెను. ఎలుకలయందు పనిచేసిన యా సారమును రోగుల కిచ్చుటకు ముందు తానే పుచ్చుకొనెను. అట్లు లభించిన ఆర్టిమిసినినే ఫాల్సిపారము మలేరియాకు నేడిచ్చు ప్రధానౌషధములకు మూలము. 2015లో ఆమెకు నోబెలు బహుమానము లభించెను. గ్రంథము త్రోవ చూపినది. పరీక్ష గమ్యమును జేర్చినది.

మూలికలను గ్రుడ్డిగ నమ్మువారికి మన దేశముననే పాఠము కలదు. ఏడాకులపాల, కటుకరోహిణి, కిరాతతిక్తము, గచ్చ అను వానితో కూర్చిన ఆయుష్-64 అను ఔషధమును వైవాక్సు మలేరియా రోగులపై క్లోరోక్వినుతో పోల్చి పరీక్షించి, ఫలితమును 2000లో ప్రకటించిరి. ఇరువదియెనిమిదవ దినమునకు క్లోరోక్విను పుచ్చుకొన్నవారందఱును స్వస్థులు కాగా, ఆయుష్-64 పుచ్చుకొన్నవారిలో గుణము కనిపించినది సుమారు సగముమందికే. ఇది ఆయుర్వేదమునకు అవమానమని మేము తలంపము. బంగారమును నిప్పులో పెట్టుట బంగారమునకు అవమానమా?

మన పెరళ్లలోని నేలవేము మాటయు నిట్టిదే. దాని సారము మలేరియా క్రిమిపై పనిచేయుచున్నట్లు మలేషియా మూలికలపై జరిగిన పరీక్షలలో 1999లో వెల్లడియైనది. అయితే అవి గాజుగొట్టములలోను ఎలుకలలోను జరిగిన పరీక్షలు. గాజుగొట్టములో చచ్చిన క్రిమి మనుష్యుని రక్తములోను చచ్చునని నిశ్చయము లేదు.

కావున చేయవలసినదేమి? సవరలు, జాతాపులు ఎఱిగిన మూలికలను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వృక్షశాస్త్రజ్ఞులు కొంతవఱకు వ్రాసిపెట్టిరి. వ్రాసిపెట్టుట పరీక్ష కాదు. ఒకే పేరుతో వేర్వేఱు మొక్కలు చెల్లుచుండును గనుక ముందు మొక్కను నిర్ణయింపవలెను. కొండవైద్యుడు దానిని నూరునో, నానబెట్టునో, కాచునో తెలిసికొనవలెను. పిదప ప్రయోగశాలలోను, తుదకు వైద్యుల కనుసన్నలలో రోగుల సమ్మతితోను పరీక్షింపవలెను. ఓడిన మందు పేరును గెలిచిన మందు పేరువలెనే ప్రకటింపవలెను. లాభము వచ్చినచో అందు ఆ జ్ఞానమిచ్చిన గిరిజనులకు న్యాయమైన పాలుండవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టపు మూలసూత్రములలో నిదియొకటి.

అంతవఱకు భూస్వాములకును పట్టణవాసులకును మా మనవి యొక్కటే. మన్యమునుండి వచ్చిన కూలివానికి జ్వరము తగిలినచో కషాయమిచ్చి మూడు దినములు వేచియుండుట దయ కాదు. ఫాల్సిపారము మెదడున కెక్కుటకు అంత వ్యవధి అక్కఱలేదు. ఆ దినముననే రక్తపరీక్ష చేయించి, వైద్యుడిచ్చిన మాత్రలను తుదివఱకు మ్రింగింపుడు. పరీక్ష మూలికకు కావలెను గాని, పేదవాని ప్రాణమునకు గాదు.