ఇద్దరు బ్లాంకోలు

మొన్న శనివారం రాత్రి ‘మైషాబెల్’ అనే స్పానిష్ సినిమా చూశా. 2021లో వచ్చింది. సబ్‌టైటిల్స్ చదవాలంటే నాకు మహా బద్ధకం, అయినా ఫోన్ పక్కన పడేసి చివరిదాకా కూర్చున్నా. భర్తను చంపినవాళ్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడిన ఒకావిడ కథ అది. నిజంగా జరిగిందే. చంపింది ఈటీఏ. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతానికి స్వాతంత్ర్యం కావాలని తుపాకీ పట్టిన సంస్థ. ఆ రాత్రి మొదలుపెట్టి వారం రోజులు ఆఫీస్ క్యాబ్‌లో ఇదే చదువుకుంటూ వెళ్లా.

చదివేకొద్దీ ఇద్దరు మనుషుల దగ్గర ఆగిపోయా. ఇద్దరి పేర్లలోనూ బ్లాంకో ఉంది. ఇద్దర్నీ చంపింది ఈటీఏనే. మధ్యలో దాదాపు 24 ఏళ్లు.

మొదటి బ్లాంకో చిన్న మనిషేం కాదు. కరేరో బ్లాంకో, నియంత ఫ్రాంకోకు కుడిభుజం, 1973లో స్పెయిన్ ప్రధాని. ఫ్రాంకో పాలనలో బాస్క్ భాషకు బడిలో చోటు లేదు. పిల్లలకు ఆ భాషలో పేర్లు పెట్టుకోవడానికి కూడా అడ్డంకులే. పట్టుబడ్డవాళ్లను పోలీసులు చిత్రహింసలు పెట్టేవాళ్లు. ఓటు లేదు, వేరే పార్టీ లేదు. 1959లో ఈటీఏ పుట్టింది ఆ చీకట్లోనే. 1973 డిసెంబర్ 20న మాడ్రిడ్‌లో చర్చి నుంచి తిరిగొస్తున్న కరేరో బ్లాంకో కారు కింద రోడ్డు పేలిపోయింది. ఈటీఏ వాళ్లు పక్కనే ఒక బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని, శిల్పిని కాబట్టి ఈ చప్పుళ్లు అని ఇరుగుపొరుగును నమ్మించి, రోడ్డు కిందికి సొరంగం తవ్వారు. కారు ఎగిరి పక్క భవనం పైనుంచి అవతల పడింది.

ఉన్నమాట చెప్తా. ఇది చదువుతుంటే నాకు థ్రిల్లర్ సినిమా చూసినట్టే అనిపించింది. నియంత వారసుడు పోయాడు, బాగా అయింది అనుకున్నా. స్పెయిన్‌లో చాలామంది కూడా అప్పట్లో లోలోపల అలాగే అనుకున్నారు. మరి ఆ కారులో డ్రైవర్ కూడా ఉన్నాడు, ఒక పోలీసు గార్డు కూడా ఉన్నాడు. ఇద్దరూ పోయారు. నేను ఆ లైన్ రెండోసారి చదివినప్పుడు గానీ గమనించలేదు.

ఫ్రాంకో బతికుండగానే, 1974 సెప్టెంబర్‌లో, పోలీసులు ఎక్కువగా వస్తారని మాడ్రిడ్‌లో ఒక కెఫెలో బాంబు పెట్టారు. 13 మంది చనిపోయారు, ఎక్కువమంది మామూలు జనం. అది తమ పనే అని ఈటీఏ ఒప్పుకున్నది 2018లో! అంతగా సరైన పోరాటమే అయితే 44 ఏళ్లు ఎందుకు దాచుకున్నట్టు?

1975లో ఫ్రాంకో పోయాడు. 1977లో క్షమాభిక్ష చట్టం వచ్చి ఈటీఏ ఖైదీలు కూడా బయటికొచ్చారు. 1979లో బాస్క్ ప్రాంతానికి స్వయంపాలన దక్కింది, సొంత పార్లమెంటు, సొంత పోలీసు, బడిలో సొంత భాష. అంటే అన్నీ దొరికాయని కాదు, స్వాతంత్ర్యం రాలేదు. కానీ దానికోసం ఓటు అడగొచ్చు. ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని లెక్క చెప్తా. ఈటీఏ మొత్తం చంపింది 800 మందికి పైనే. అందులో పదింట తొమ్మిది వంతులకు పైగా ఫ్రాంకో పోయాకే. కోడ్ రాసేవాణ్ని కదా, నాకు తోచిన పోలిక ఇదీ: లూప్ మొదలుపెట్టారు, ఎప్పుడు ఆగాలో మాత్రం ఎవరూ రాయలేదు.

అలా తిరిగి తిరిగి ఆ లూప్ రెండో బ్లాంకో దగ్గరికొచ్చింది. మిగెల్ ఆంఖెల్ బ్లాంకో. 29 ఏళ్లు, దాదాపు నా వయసే. తాపీమేస్త్రీ కొడుకు. ఎకనామిక్స్ చదివి పక్క ఊళ్లో చిన్న ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లొచ్చేవాడు. ఫ్రెండ్స్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. ఎర్ముయా అనే చిన్న ఊరికి కౌన్సిలర్. 1997 జులై 10న మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి పనికి వెళ్తుంటే స్టేషన్ దగ్గర ఎత్తుకుపోయారు. మా ఖైదీలందర్నీ బాస్క్ జైళ్లకు మార్చండి, 48 గంటలు టైమ్ అన్నారు. స్పెయిన్ అంతా రోడ్డెక్కింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. గడువు దాటగానే తలలో కాల్చారు. 13న తెల్లవారుజామున ఆసుపత్రిలో చనిపోయాడు.

ఇతను ఏ నియంతకు కుడిభుజం? ఎవరిని హింసించాడు? ఆ పట్టికలో అతని పేరు ఎక్కడానికి ఉన్న అర్హత ఒక్కటే, సెక్యూరిటీ లేకుండా రైలెక్కడం.

అప్పటిదాకా బాస్క్ ఊళ్లలో ఎవరినైనా చంపితే, ఏదో చేసే ఉంటాడులే అనేసి తలుపులేసుకునే అలవాటు ఉండేదట. ఆ మాట మనకూ కొత్త కాదు. ఈసారి మాత్రం అనలేకపోయారు. భయంతో ముఖాలకు మాస్కులు వేసుకునే బాస్క్ పోలీసులే జనం ముందు అవి తీసేశారు. కోపంతో జనం ఎర్ముయాలో ఈటీఏ సానుభూతిపరుల పార్టీ ఆఫీసుకు నిప్పు పెడితే, ఆ ఊరి మేయర్ స్వయంగా వెళ్లి మంటలు ఆర్పాడు. మొత్తం కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే.

ప్రభుత్వం చేతులు శుభ్రం అనుకోకండి. 1983 నుంచి 1987 వరకు ‘గాల్’ పేరుతో రహస్య ముఠాలు 27 మందిని చంపాయి, అందులో ఈటీఏతో సంబంధం లేనివాళ్లూ ఉన్నారు. ఒక మాజీ హోంమంత్రికి దీంట్లో జైలు శిక్ష పడింది. ఈటీఏకి కొత్త కుర్రాళ్లను సప్లై చేసింది సగం ఇలాంటి పనులే అని నా అనుమానం.

ఇక సొంతవాళ్ల సంగతి. యోయెస్ అనే ఆవిడ ఈటీఏ నాయకత్వంలోకి ఎదిగిన మహిళ. నచ్చక బయటికొచ్చి, మెక్సికోలో బతికి, 1985లో ఇంటికి తిరిగొచ్చింది. మరుసటి ఏడాది సొంతూరి తిరునాళ్లలో మూడేళ్ల కొడుకు చూస్తుండగా కాల్చేశారు. తప్పు? మానేయడం.

2018లో ఈటీఏ పూర్తిగా రద్దయింది. దానికి ముందు క్షమాపణ చెప్పింది, కానీ ప్రత్యేకంగా క్షమించమని అడిగింది పోరాటంతో నేరుగా సంబంధం లేని బాధితులను. మిగతావాళ్లు? ఆ ప్రకటన చదువుతుంటే ప్రధాని కారు డ్రైవర్ గుర్తొచ్చాడు. ఆయన ఏ లిస్టులోకి వస్తాడు? గార్డు ఏ లిస్టు?

సినిమాలో మైషాబెల్ భర్త హువాన్ మారి హావురెగి. కుర్రతనంలో ఫ్రాంకోకు వ్యతిరేకంగా ఈటీఏలో కొన్నాళ్లు ఉన్నవాడే. తర్వాత సోషలిస్టు పార్టీలో చేరి, గవర్నర్‌గా ఉన్నప్పుడు గాల్ హత్యల దర్యాప్తుకు సాయపడ్డాడు. 2000 జులైలో కెఫెలో కూర్చుని ఉండగా అతన్నే చంపారు. ఏళ్ల తర్వాత జైల్లో మనసు మారి సంస్థను వదిలేసిన హంతకుల్లో ఇద్దరిని ఆవిడ విడివిడిగా కలిసింది. సినిమాలో ఆవిడ అడుగుతుంది, ఆయన ఎవరో నీకు తెలుసా అని. అతను తల దించుకుంటాడు. తెలియదు. పేరు పైనుంచి వచ్చింది, వెళ్లారు.