సంతకం కన్నా ఇంట్లో చెప్పిన మాటే ముఖ్యం

ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు జరుగుతాయి. ర్యాలీలు తీస్తారు, ప్రతిజ్ఞ పత్రాల మీద సంతకాలు చేయిస్తారు. సంతకం పెట్టినవాళ్ల మనసు మంచిదే. కానీ మనిషి పోయిన రోజున ఆ కాగితం ఎవరికి గుర్తొస్తుంది? సాధారణంగా ఆరు గంటల్లోపు నల్లగుడ్డు మీది పొరను, అంటే కార్నియాను, సేకరించాలి. ఆ కాస్త సమయమూ ఏడుపుల్లో, బంధువులకు కబుర్లు పంపడంలో, దహనం ఏర్పాట్లలో గడిచిపోతుంది. ఒప్పుకోవాల్సిందీ, ఐ బ్యాంకుకు ఫోన్ చేయాల్సిందీ, బృందం వచ్చేదాకా ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి, వాటిపై తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచాల్సిందీ మిగిలినవాళ్లే. అందుకే కొడుకులూ కోడళ్లూ వింటుండగా, అందరూ బాగున్న రోజునే ‘నా కళ్లు ఇచ్చేయండి’ అని చెప్పి ఉంచాలి. మనవాళ్లకు దయ లేక దానాలు చాలడం లేదనడం సరికాదు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఐ బ్యాంకుకు అందే కార్నియాల్లో చాలావరకు ఆస్పత్రుల్లో చనిపోయినవారి కుటుంబాలను కౌన్సెలర్లు కలిసి అడిగితే వచ్చినవే. అంత దుఃఖంలోనూ, అడిగితే ఇచ్చేవాళ్లున్నారు.

ఆ కార్నియా కోసం ఎదురుచూసేవాళ్లలో రైతులూ, కూలీలూ ఎందరో. కోతల్లోనో నూర్పిళ్లలోనో వరి ఆకు కంట్లో గీసుకుంటుంది, లేదా వడ్ల పొట్టు పడుతుంది. నలుసే కదా అనుకుంటారు. ఏదో పసరు పోస్తారు. ఫంగస్ చేరి పుండవుతుంది, మానాక నల్లగుడ్డు మీద పువ్వు మిగులుతుంది. అది దట్టమైతే వెలుతురు లోపలికి పోదు. ఇలాంటివారిలో చాలామందికి కార్నియా మార్పిడే దారి. అయితే అది అందరికీ పనిచేయదు. రెటీనా, దృష్టి నాడి పాడైతే కార్నియా మార్చినా ఫలితం ఉండదు. మార్చిన కార్నియాను శరీరం తిరస్కరించవచ్చు. నెలల తరబడి చుక్కల మందు వేసుకోవాలి, కన్ను ఎర్రబడితే వెంటనే పరుగెత్తాలి. సేకరించినవన్నీ మార్పిడికి పనికిరావు, కొన్ని పరిశోధనకూ శిక్షణకూ వెళతాయి. ఇవన్నీ చెబితే దాతలు వెనక్కి తగ్గుతారని కొందరి భయం. నేనలా అనుకోను. నిజం విని ఇచ్చినవాళ్లకు తర్వాత మోసపోయామన్న బాధ ఉండదు. ఆ నమ్మకంతోనే వాళ్లు పక్కింటివాళ్లకూ చెబుతారు.

కళ్లిస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్లమై పుడతామన్న భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు. పోయినవారి మీద ప్రేమే అలా మాట్లాడిస్తుంది. కానీ కన్ను పెకలించి శివుడికిచ్చిన తిన్నడిని కన్నప్పగా శ్రీకాళహస్తిలో కొలుస్తున్నది మనమే. ఎముకలిచ్చిన దధీచినీ మహాత్ముడనే అంటాం. ముఖం వికారమవుతుందన్న భయమూ అక్కర్లేదు. కార్నియా పలుచని పొర, తీయడానికి అరగంట కూడా పట్టదు, చూపరులకు తేడా తెలియదు. కళ్లజోడు, శుక్లాల ఆపరేషన్, షుగర్, బీపీ అడ్డు కావు. ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు.

ఇచ్చిందెవరో, పుచ్చుకుందెవరో ఐ బ్యాంకులు చెప్పవు. దండం పెట్టడానికైనా ఓ ముఖం ఉండాలి కదా అని పుచ్చుకున్నవాళ్లకు అనిపించడం సహజం. అయినా ఆ గోప్యత ఉండాల్సిందే. పేర్లు తెలిస్తే ఒక ఇంటికి అప్పు, ఇంకో ఇంటికి హక్కు పుట్టుకొస్తాయి. చూపు వచ్చిన మనిషికి రుణం తీర్చుకునే దారి లేకపోలేదు: నూర్పిళ్లలో కంట్లో నలుసు పడ్డ తోటి కూలీని పసరు పోయనివ్వకుండా ఆస్పత్రికి పంపడం, తన కళ్ల సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచడం.