పెన్నా నీళ్ళ లెక్క పల్లెలో తేలాలి

నదిలోకి ఎన్ని నీళ్ళు వస్తాయి, భూమిలో ఎంత ఇంకుతుంది, ఏ పైరుకు ఎన్ని తడులు కావాలి - ఇవన్నీ కంప్యూటర్లలో లెక్కగట్టి పంటల ప్రణాళిక వేసే రోజులు వచ్చాయి. వాన లెక్కలనూ, జలాశయాల మట్టాలనూ, భూగర్భ జలాల లోతునూ ఒకేచోట చేర్చే ఏర్పాటు మన రాష్ట్రంలోనూ జరిగింది. మంచిదే. వాతావరణం గతి తప్పిన ఈ కాలంలో కార్తెల లెక్క ఒక్కదాన్నే నమ్ముకుంటే సేద్యం సాగదు. లెక్క వద్దని ఎవరూ అనడం లేదు. అందులో ఎవరిని కలిపారు, ఎవరిని వదిలేశారు అన్నదే ప్రశ్న.

ముద్దనూరు ప్రాంతాన్నే తీసుకోండి. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారే పెన్నేరు మన పక్కనే గండికోట లోయగుండా వస్తుంది. చిత్రావతి కలిసేదీ ఆ దాపునే. పేరుకు రెండు నదులు, ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఇసుకే! అందుకే 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయాన్ని పెన్నా మీద కట్టినా, అది ఎదురుచూసేది కృష్ణా వరద కోసం. శ్రీశైలంలో మట్టం లేస్తే పోతిరెడ్డిపాడు తూములకు నీరందుతుంది, లేకుంటే లేదు. గాలేరు-నగరికి నికర జలాల కేటాయింపు లేదు, మిగులు జలాలే ఆధారం. అంటే మన పైరు బతుకు ఎక్కడో పడమటి కనుమల్లో కురిసే వాన మీద ఉంది. పెన్నా ఒక్కదాన్నే చూసి వేసే లెక్క ఇక్కడ చెల్లదు. ఈ జలాశయం నిండడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలి పోవలసి వచ్చింది. ఆ నీళ్ళలో మొదటి వాటా అడిగే హక్కు వాళ్ళకు లేదా?

ఇక వానల సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం దాకా ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుందని శాస్త్రం చెబుతోంది. ఫలానా వాన ఈ వేడివల్లనే పడిందని ఒక్కదాన్ని పట్టి చూపలేం గానీ, అలాంటి కుంభవృష్టి ఏం చేస్తుందో 2021 నవంబరు 19న కళ్ళారా చూశాం. పింఛా కట్ట తెగింది, చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్ కట్ట కొట్టుకుపోయింది, దిగువ పల్లెల్లో మనుషులు, గొడ్లు వరద పాలయ్యారు. అలాంటి ఏడాది కూడా కాగితం మీద 'సగటును మించిన' మంచి ఏడాదే! సగటు వానతో సేద్యం చేసేవాడెవరు? నల్లరేగడిలో బుడ్డశనగ వేసే రైతుకు కావలసింది అక్టోబరులో ఒక మంచి పదును. పదును దొరక్కపోయినా నష్టమే, వాన ఎక్కువై విత్తనం కుళ్ళినా నష్టమే. రెండోసారి విత్తనానికి అప్పు చేసేవాడు చాలాచోట్ల కౌలుదారు. 2019 నాటి చట్టమేమో కౌలు కార్డుకు పట్టాదారు సంతకం తెమ్మంది. సంతకం పెట్టే ఆసామి ఏ ఊళ్ళో దొరుకుతాడు?

ఒక టి.ఎం.సి. నీళ్ళకు వరి అయితే ఇంచుమించు 6 వేల ఎకరాలు, ఆరుతడి పైర్లయితే దానికి రెట్టింపు పండుతాయని మోటు లెక్క. కాబట్టి వరి మానండని అధికారులు చెబుతారు. నీళ్ళ వరకు అది నిజమే. కానీ వరి నాట్లు, కలుపు అంటే ఆడకూలీలకు రోజుల తరబడి పని. బుడ్డశనగ కోతకు యంత్రాలు దిగాయి. పైరు మారితే ఊళ్ళో ఎన్ని పనిదినాలు తగ్గుతాయో, ఆ కొరత ఎట్లా పూడుస్తారో ఏ ప్రణాళికలో రాశారు? నీళ్ళకు ఒక గడి గీసి కూలికి గడి గీయని పట్టిక భూమి ఉన్నవాడి పట్టికే. కొర్ర వేయండి, తక్కువ నీటితో పండుతుందంటారు. కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో కొర్ర లేనేలేదు!

మరో గడి కూడా కావాలి. మన పక్కనున్న 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రానికి నీళ్ళు మైలవరం జలాశయం నుంచి పోతాయి. ఆ కేంద్రం ఎంతోమంది కార్మికులకు కూడు పెడుతోంది, మూసేయమని అడగడం లేదు. నీళ్ళు తగ్గిన ఏడు ముందు కోత ఎవరికి పడుతుందో బహిరంగంగా చెప్పమంటున్నాం.

ఇదంతా చదువురాని జనానికి అర్థం కాదనేవాళ్ళకు జవాబు మన జిల్లాలోనే ఉంది. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు కడపతో సహా ఏడు కరువు జిల్లాల్లో, రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్య పథకం నడిచింది. పల్లెజనమే వానకొలత తీశారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయదలచిన పైర్లకు కావలసినవెన్ని అని లెక్క తేల్చారు. ఎవరేం వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క చూసి చాలామంది తామే ఎక్కువ నీళ్ళు తాగే పైర్లను తగ్గించుకున్నారు. అయితే అది బోరు ఉన్నవాళ్ళ లెక్క. ఇప్పుడు జరిగే లెక్కలో బోరు లేని కౌలుదారూ, భూమి లేని కూలీ కూడా కూర్చోవాలి.

రబీ విత్తనాలకు ముందే, అక్టోబరు మొదటివారంలో, ప్రతి గ్రామసభలోనూ గండికోట, మైలవరం నీటి నిలువలూ, ఊరి బోర్ల మట్టాలూ, థర్మల్ కేంద్రం వాటా, పైరువారీ పనిదినాలూ చదివి వినిపించి గోడమీద రాయించాలని వ్యవసాయ కార్మికులు, రైతులు, కౌలుదార్లు కలిసి సంతకాలు పెట్టిన అర్జీలు ముద్దనూరు మండల కార్యాలయానికి ఇప్పటి నుంచే చేరాలి.