గోవిందా అనగలిగినంత వేగం చాలు

ఈసారి పంట గురించి కాదు, కాళ్ళ గురించి రాస్తున్నా.

మన తిరుపతి, చిత్తూరు పక్క వాళ్ళకు ఒక ధీమా ఉంది. ‘కొండకు నడిచి పోయొచ్చేవాళ్ళం, మాకు పరుగు ఒక లెక్కా’ అంటారు. నిజమే, అలిపిరి దావలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దావలో 2388. ఇన్ని ఎక్కిన కాళ్ళకు పరుగు రాదా అంటే వస్తుంది, కానీ మరుసటి రోజే రాదు.

నడకలో ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉంటుంది. పరుగులో రెండు కాళ్ళూ ఒక్క క్షణం గాల్లోకి లేస్తాయి. దిగేటప్పుడు మన బరువుకు రెండు మూడింతలు ఒక్క కాలి మీద పడుతుంది. మెట్లెక్కితే ఊపిరికీ తొడలకూ పని గానీ ఈ దెబ్బ తగలదు. ఇంకో సంగతి, ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది. ఎముక, మడమ వెనక నరం గట్టిపడాలంటే నెలలు కావాల. ఆయాసం తగ్గింది కదా అని వేగం పెంచేది అప్పుడే, కాలు పట్టేసేదీ అప్పుడే.

కోడెదూడను మొదటిరోజే బరువు బండికి కడతామా? ఖాళీ కాడి మెడమీద పెట్టి నాలుగు రోజులు తిప్పుతాం. దూడకు చూపించే ఓపిక మన పిల్లోళ్ళకు చూపించం. కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాల. అంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం. మనం నడిచేది 5, మహా అయితే 6. నోటిఫికేషన్ పడిందని తెలిసిన రోజే తారురోడ్డు మీద, పాత బూట్లతో ఆ వేగం పట్టుకోవాలని చూస్తారు. పది రోజులకు మోకాలి కింద ముందు ఎముక నొప్పి అని మంచానికి అతుక్కుంటారు. ఉద్యోగం పోయేది పరీక్షలో కాదు, ఆ మొదటి పది రోజుల్లో.

1996లో అమెరికాలో జాష్ క్లార్క్ అనే కుర్రోడు యాభై దాటిన వాళ్ళమ్మ కోసం ఒక పద్ధతి రాసినాడు. ముందు 5 నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత ఒక నిమిషం మెల్లగా పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, మళ్ళీ పరుగు, అట్లా 20 నిమిషాలు. వారానికి మూడు రోజులే. వారాలు గడిచేకొద్దీ పరుగు పెంచి నడక తగ్గిస్తే, తొమ్మిది వారాలకు అరగంట ఆగకుండా పరిగెత్తొచ్చు. నా మటుకు మన ఈడు వాళ్ళు తొమ్మిది వారాల లెక్క పెట్టుకోకూడదు. ఒక వారం కష్టమైతే అదే వారం మళ్ళీ చేయండి, మనల్ని తరిమేవాళ్ళు ఎవరూ లేరు.

వేగం ఎంతుండాలంటే, పరిగెత్తుతా గోవిందా అని గట్టిగా అనగలగాల. మాట తెగిపోతాంటే నడకలోకి దిగిపోండి. ఎదలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే అక్కడే ఆగి డాక్టరు దగ్గరికి పోవాల. బీపీ, షుగర్ ఉన్నోళ్ళు మొదలుపెట్టకముందే అడగండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు కాలిదారిన రావొద్దని టీటీడీనే చెబుతుంది, ఇక పరుగు సంగతి చెప్పేదేముంది.

కొండ మెట్ల మీద మాత్రం పరుగు వద్దు. ఎక్కేటప్పుడు సరే, దిగేటప్పుడు దూకుతా వచ్చే పిల్లోళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే చేటు. పైగా అది నలుగురూ దండం పెట్టుకుంటా నడిచే దావ.

‘పొలంలో తిరిగేవాడికి పరుగెందుకు’ అని అడిగేవాళ్ళున్నారు. మోటారు సెల్‌ఫోనుతో ఆన్ అవుతాంది, పాలకేంద్రానికి బండి మీద పోతున్నాం. మనం తిరిగేది ఎంత? మా నాయన నడిచిన దాంట్లో నేను సగం కూడా నడవను.

పంచాయతీలకు ఒక మాట. చెరువుకట్ట మీద కంపచెట్లు కొట్టించి, టేపు పట్టి 200 మీటర్లకు రెండు పక్కలా సున్నం గీత గీయించండి. నాలుగుసార్లు పోయొస్తే 1600. తారురోడ్డు కన్నా మన్ను మెత్తన, లారీల భయమూ ఉండదు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా పిల్లోళ్ళు ఇప్పుడే నడక మొదలుపెట్టొచ్చు. మీ ఊర్లో కట్ట ఎట్లుందో కింద రాయండి.